పటమటలో కొత్త ఫ్లాటు: టీవీకి డిష్షా, కేబులా? ఇంటర్నెట్టు ఎవరి దగ్గర తీసుకోవాలి?

పటమటవాసి (ఆదివారం, ఉదయం 9:12)

సభ్యులందరికీ నమస్కారం. వచ్చే నెలలో మేము విజయవాడ పటమటలోని ఒక ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తుకు మారబోతున్నాము. ఇప్పుడున్న అద్దె ఇంట్లో కేబుల్ కనెక్షనూ ఇంటర్నెట్టూ ఇంటి యజమాని పేరు మీదే ఉన్నందువల్ల వాటి మంచిచెడ్డలు చూసుకోవలసిన పని మాకు ఎన్నడూ పడలేదు. కొత్త ఇంటికి టీవీ కోసం డిష్ పెట్టించాలా, కేబుల్ తీసుకోవాలా, ఇంటర్నెట్టు ఎవరి దగ్గర తీసుకోవాలి అన్నది తేల్చుకోలేక ఇక్కడ అడుగుతున్నాను.

మా నాన్నగారికి డెబ్బై ఐదేళ్లు దాటాయి. పొద్దున భక్తి కార్యక్రమాలు, మధ్యాహ్నం పాత సినిమాలు, సాయంత్రం వార్తలు ఆయనకు తప్పనిసరి. అమ్మకు రాత్రి సీరియళ్లు కావాలి. దసరా రోజుల్లో కొండ మీది అమ్మవారి అలంకారాలను లోకల్ ఛానల్లో చూడకపోతే ఇద్దరికీ పండుగ జరిగినట్టే ఉండదు. మా ఆవిడ తెల్లవారుజామున విదేశాల్లోని పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతుంది. అమ్మాయి ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో ఉంది.

బందరు రోడ్డులోని ఒక దుకాణంలో అడిగితే, డిష్ కంపెనీవారే ఇంటర్నెట్టు కూడా ఇస్తారని, రెండింటికీ ఒకే బిల్లు వస్తుందని చెప్పారు. అంటే టీవీ బొమ్మలాగే ఇంటర్నెట్టు కూడా ఆ గొడుగు నుంచే దిగుతుందా? మా బాల్కనీ ఉత్తరం వైపు ఉంది. నెలకు అన్నీ కలిపి పన్నెండు వందల రూపాయల లోపు తేలితే బాగుంటుంది.

విశ్రాంత_టెలికాం (ఆదివారం, ఉదయం 10:05)

మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అది తేలితే మిగతావి సగం తేలినట్టే. మన ఇళ్ల మీద కనిపించే డిష్‌లలో ఏ ఒక్కటీ ఇంటర్నెట్టు ఇవ్వదు. అది ఉపగ్రహం పంపినదాన్ని అందుకోవడమే తప్ప తిరిగి పైకి ఏమీ పంపలేదు. భూమధ్యరేఖకు ఎగువన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున, నేల మీది నుంచి చూస్తే కదలనట్టు నిలిచి ఉండే ఉపగ్రహం అందరి ఇళ్లకూ ఒకే ప్రసారాన్ని కుమ్మరిస్తుంది. అందులో మీరు డబ్బు కట్టిన ఛానళ్లను మాత్రమే మీ సెట్‌టాప్ బాక్సు తెరుస్తుంది. దుకాణదారు చెప్పిన ఒకే బిల్లు నిజమే కావచ్చు. టాటా ప్లేకి డిష్ వ్యాపారంతో పాటు ఫైబరు (సన్నని గాజు తీగ మీద ఇంటర్నెట్టు) వ్యాపారమూ ఉంది, ఎయిర్‌టెల్‌కు కూడా రెండూ ఉన్నాయి. అయితే బిల్లు కలిసి వచ్చినంత మాత్రాన తీగ కలిసి రాదు. టీవీ మేడ మీది డిష్ నుంచి దిగుతుంది, ఇంటర్నెట్టు వీధిలోని స్తంభం మీదుగా వచ్చే ఫైబరు ద్వారా వస్తుంది.

ఉపగ్రహం ద్వారా ఇంటర్నెట్టు అసలే లేదని కాదు. బ్యాంకుల ఏటీఎంలకూ మారుమూల కార్యాలయాలకూ అలాంటి కనెక్షన్లు చాలాకాలంగా ఉన్నాయి. కాని అంత ఎత్తుకు సంకేతం ఎక్కి దిగడానికి దాదాపు పావు సెకను, జవాబు అదే దారిన రావడానికి మరో పావు సెకను పడుతుంది. మీ ఇంట్లో లెక్కల పాఠం చెప్పేవారికి ఆ అర సెకను ఎడం ఎంత చిరాకు తెప్పిస్తుందో వేరే చెప్పనక్కరలేదు. సుమారు 550 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలతో పనిచేసే స్టార్‌లింక్‌కు ఈ ఇబ్బంది చాలా తక్కువ. ఆ సంస్థకు మన దేశంలో 2025 జూన్‌లో టెలికాం లైసెన్సు వచ్చింది. తీగ వేయడానికి వీలులేని ఏజెన్సీ గ్రామాలకూ లంకలకూ అటువంటిది వరమే. గుమ్మం దాకా ఫైబరు వచ్చే పటమటలో దాని కోసం ఎదురుచూడవలసిన పని లేదు.

కాబట్టి మీ ముందున్నవి రెండు వేర్వేరు నిర్ణయాలు. ఇంటర్నెట్టుకు ఎవరి ఫైబరు అన్నది మొదటిది, టీవీకి డిష్షా కేబులా అన్నది రెండవది. మొదటిదానికి కంపెనీ పేరు కన్నా ముఖ్యమైనది, మీ వీధిలో తీగ తెగినప్పుడు నిచ్చెన వేసుకుని వచ్చే మనిషి ఎవరు, అతడు ఎంతసేపట్లో వస్తాడు అన్నది. ఈ సంగతి ఏ ప్రకటనలోనూ ఉండదు. మీ అపార్ట్‌మెంట్‌లో ఇప్పటికే ఉంటున్న నాలుగైదు ఇళ్ల తలుపులు తట్టి, పోయిన వర్షాకాలంలో ఎవరి కనెక్షను ఎన్నిసార్లు పోయిందో, మళ్లీ ఎప్పుడు వచ్చిందో అడిగి తెలుసుకోండి.

బ్రాడీపేట_నాలుగోలైను (ఆదివారం, ఉదయం 11:30)

మేము గుంటూరులో చాలా ఏళ్లుగా టీవీకి డిష్షే వాడుతున్నాము, మార్చాలన్న ఆలోచన కూడా లేదు. దాని గురించి జనంలో ఉన్న పెద్ద భయం వాన. ఆ భయం సగమే నిజం. డీటీహెచ్, అంటే ఇంటి డిష్ ప్రసారాలు వచ్చేది కేయూ బ్యాండు అనే పొట్టి తరంగాల్లో. ఆ తరంగాలను దట్టమైన వాన చినుకులు పీల్చేస్తాయి, చెదరగొడతాయి. అయితే అల్పపీడనం పట్టి రోజంతా కురిసే ముసురుకు మా ఇంట్లో బొమ్మ సాధారణంగా పోదు. మే, జూన్ నెలల్లో సాయంత్రం పూట నల్లగా కమ్ముకొచ్చి ఉరుములతో కొట్టే జడివానకు పోతుంది. మొదట బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోతుంది, తరువాత తెర మీద సిగ్నల్ లేదన్న మాట వస్తుంది, మబ్బు పక్కకు జరగగానే ఎవరినీ పిలవకుండానే తిరిగి వస్తుంది. కేబుల్ వానకు చెదరదు గాని, ఆ వానలోనే చెట్టు కొమ్మ విరిగి తీగ మీద పడితే ఎవరైనా వచ్చి అతికించేదాకా బొమ్మ ఉండదు.

గాలి సంగతి వేరు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా పేటలో చాలా డిష్‌లు పక్కకు తిరిగిపోయాయి. ఒక్క వేలెడంత పక్కకు జరిగినా సిగ్నల్ పోతుంది. బిగించేటప్పుడే గోడలోకి దిగే బోల్టులు, కాంక్రీటు దిమ్మె అడిగి పెట్టించుకోండి. పిట్టగోడ ఇటుకల్లో రెండు మేకులు కొట్టి వెళ్లిపోతానంటే ఒప్పుకోవద్దు.

మీది ఉత్తరపు బాల్కనీ అన్నారు కాబట్టి అక్కడ డిష్ పనిచేయదు. టీవీ ఉపగ్రహాలన్నీ భూమధ్యరేఖకు ఎగువన ఉంటాయి, మనం దానికి ఉత్తరాన ఉన్నాము, కనుక డిష్ దక్షిణపు ఆకాశాన్ని చూడాలి. అందులోనూ కంపెనీని బట్టి దిక్కు మారుతుంది. టాటా ప్లే ఉపగ్రహాలు 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్నాయి; విజయవాడ ఇంచుమించు 80.6 డిగ్రీల దగ్గర ఉంది గనుక ఆ డిష్ దాదాపు నేరుగా దక్షిణానికి, బాగా పైకి చూస్తుంది. ఎయిర్‌టెల్‌ది 108.2 డిగ్రీలు. దాని డిష్ ఆగ్నేయం కన్నా మరికాస్త తూర్పుకు తిరిగి, కొంచెం కిందికి చూస్తుంది. కనుక తూర్పున పొరుగువారి ఎత్తైన భవనం ఉంటే రెండవది కష్టమవుతుంది, మొదటిది కాకపోవచ్చు. మేడ మీదికి వెళ్లి ఎటు ఖాళీ ఉందో చూసుకున్నాకనే డబ్బు కట్టండి.

ఓటీటీచాలు (ఆదివారం, మధ్యాహ్నం 12:10)

మంచి ఫైబరు కనెక్షను ఒకటి తీసుకుంటే డిష్షూ కేబులూ రెండూ అవసరం లేదు. వార్తా ఛానళ్లు యూట్యూబులో ప్రత్యక్షంగా వస్తున్నాయి, సీరియళ్లు ఆయా ఛానళ్ల యాప్‌లలో ఉన్నాయి. నెలనెలా రెండు బిల్లులు ఎందుకు?

పటమటవాసి (ఆదివారం, మధ్యాహ్నం 12:45)

మీరు చెప్పినది మా వయసువారికి సరిపోతుంది. నాన్నగారు టీవీ చూసే పద్ధతి వేరు. ఆయనకు కావలసిన ఛానళ్ల నంబర్లను క్యాలెండరు వెనుక స్కెచ్ పెన్నుతో పెద్ద అంకెలుగా రాసి టీవీ పక్కన మేకుకు తగిలించాము. ఆయన ఆ అంకెలు నొక్కుతారు, ఛానల్ వస్తుంది. యాప్ తెరిచి, ప్రొఫైల్ ఎంచుకుని, బాణాల మీటతో వెతుక్కోవడం ఆయనకు నేర్పాలని మా అమ్మాయి చాలా ఓపికగా ప్రయత్నించింది; ఆయన అంతకన్నా ఓపికగా వద్దన్నారు. కనుక అంకెలు నొక్కితే వచ్చే టీవీ ఒకటి ఇంట్లో ఉండి తీరాలి.

కేబుల్‌కుటుంబం (ఆదివారం, సాయంత్రం 6:20)

మాది రెండు తరాలుగా కేబుల్ వృత్తి. అందువల్ల నా మాటలో కొంత స్వపక్షపాతం ఉంటుందని ముందే గుర్తుపెట్టుకుని చదవండి.

చాలామంది మనసులో కేబుల్ అంటే ఇప్పటికీ తొంభైల నాటి బొమ్మే ఉంది: ఈగలు ముసిరినట్టుండే తెర, తీగను నేరుగా టీవీ వెనుక గుచ్చడం. దేశంలో కేబుల్ డిజిటలుకు మారడం 2012లో మహానగరాలతో మొదలైంది, 2013లో విశాఖపట్నం, హైదరాబాదు వంటి నగరాలకు వచ్చింది, విజయవాడ, గుంటూరు మూడో దశలో చేరాయి. ఇప్పుడు కేబులుకూ సెట్‌టాప్ బాక్సు ఉంటుంది, అదే హెచ్‌డీ నాణ్యత ఉంటుంది. ధరల నిబంధనలు కూడా రెండింటికీ ఒకటే. 2019 ఫిబ్రవరి నుంచి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన పద్ధతిలో కనెక్షనుకు ఒక రుసుము, ఆ పైన మీరు కోరుకున్న ఛానళ్ల ధర అని విడివిడిగా ఉంటాయి. ఆ రుసుము మొదట వంద ఛానళ్లకు 130 రూపాయలు, పన్నుతో 153 రూపాయల 40 పైసలు ఉండేది. 2020లో అదే 130కి రెండు వందల ఛానళ్లు ఇవ్వాలన్నారు. 2024 జూలైలో ఆ గరిష్ఠ పరిమితినే ఎత్తివేసి, ఎంత తీసుకుంటున్నదీ కంపెనీలే ప్రకటించుకోవచ్చునన్నారు. కాబట్టి పాత లెక్క పట్టుకుని ఎవరితోనూ వాదనకు దిగకండి, ఇప్పటి ధరల పట్టిక చూపించమని అడగండి.

రెండో టీవీ ఉన్నవారు ఒక మాట తప్పక అడగాలి. 2020 నాటి సవరణ ప్రకారం ఒకే ఇంట్లో రెండో టీవీకి పూర్తి రుసుము కాకుండా అందులో నలభై శాతానికి మించకుండా తీసుకోవాలన్నారు. ఇప్పుడు రెండో టీవీకి ఎంత అన్నది కాగితం మీద రాయించుకోండి.

మీ అమ్మానాన్నల విషయంలో నా పక్షం గట్టిదే. నగరంలోని లోకల్ ఛానళ్లు కేబుల్ మీదే వస్తాయి, డిష్ మీద రావు. ఏ వీధిలో మంచినీళ్లు రావో, ఏ కల్యాణ మండపంలో ఏ ఉపన్యాసం ఉందో, దసరాకు క్యూలైన్లు ఎంత పొడవున్నాయో దేశమంతటికీ ఒకే ప్రసారం పంపే ఉపగ్రహానికి ఏం పడుతుంది? మరొకటి: మీ నాన్నగారు రిమోటులో ఏదో నొక్కి తెర నీలంగా మారితే, మా కుర్రవాడు సాయంత్రం డబ్బు వసూలుకు వచ్చినప్పుడు సరిచేసి వెళతాడు. కాల్ సెంటరులో ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అన్న మాట మా దగ్గర ఉండదు.

బ్రాడీపేట_నాలుగోలైను (ఆదివారం, రాత్రి 7:05)

ఆ కుర్రవాడు మంచివాడైతే మీ మాట నూటికి నూరుపాళ్లూ నిజం. మా పాత ఇంట్లో వసూలుకు ఒకటో తేదీన ఠంచనుగా వచ్చిన మనిషే బొమ్మ పోయిందని చెప్పడానికి ఫోను చేస్తే ఎత్తేవాడు కాదు. రశీదు అడిగితే మేము తనను అవమానించినట్టు చూసేవాడు. ఒక ప్రాంతంలో ఒక్కరే ఆపరేటరు ఉన్నప్పుడు వినియోగదారునికి వేరే దారి ఉండదు. డిష్ కంపెనీని మార్చాలంటే పాత బాక్సు కొత్త కంపెనీకి పనికిరాదన్న నష్టం ఉంది గాని, కనీసం మార్చగలనన్న ధైర్యం ఉంటుంది. ఊరు వెళ్లినప్పుడు రీఛార్జి చేయకుండా ఊరుకోవచ్చు కూడా.

కేబుల్‌కుటుంబం (ఆదివారం, రాత్రి 7:40)

రశీదు ఇవ్వనివారిని నేను వెనకేసుకు రాను. కట్టిన డబ్బు బాక్సు నంబరు మీద జమ అయిందో లేదో కంపెనీ యాప్‌లోనో వెబ్‌సైటులోనో చూసుకునే వీలు ఇప్పుడు చాలాచోట్ల ఉంది. చేతికి ఇవ్వడం మాని అందులోనే నేరుగా కట్టండి, అప్పుడు మా కుర్రవాడి ముఖం చూడవలసిన పని కూడా ఉండదు.

సింగ్‌నగర్_రెండోఅంతస్తు (ఆదివారం, రాత్రి 9:15)

ఇంతవరకు ఎవరూ ఎత్తని సంగతి ఒకటి రాస్తున్నాను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి మా ప్రాంతమంతా మునిగినప్పుడు మా అపార్ట్‌మెంట్‌లోని ఫైబరు కనెక్షన్లన్నీ ఒక్కసారిగా పోయాయి. వీధిలో ఏదో తెగిందనుకున్నాము. నీరు తీసిన తరువాత చూస్తే, కంపెనీవారు తమ పెట్టెను కరెంటు మీటర్ల పక్కన, నేలకు మోకాలెత్తున బిగించి ఉన్నారు. మూత తీస్తే లోపల పసుపు రంగు సన్నని తీగలు బురదతో అట్టకట్టి ఉన్నాయి. వాటి చివర్లలోని నీలం, ఆకుపచ్చ పిన్నుల్లో ఒండ్రు పేరుకుపోయింది. పక్కనే మరొక కంపెనీ పెట్టిన కరెంటుతో నడిచే స్విచ్చి, అంటే ఇంటర్నెట్టును ఇళ్లకు పంచే పెట్టె, పూర్తిగా పాడైపోయింది. కరెంటు వచ్చాక కూడా మాకు ఇంటర్నెట్టు రావడానికి చాలా ఆలస్యం కావడానికి కారణం ఆ మోకాలెత్తు పెట్టె.

మేడ మీద డిష్ ఉన్న పొరుగువారి టీవీ మాత్రం ఇన్వర్టరు ఉన్నంతసేపూ పలికింది. వరద వార్తలు నలుగురమూ వారింట్లోనే చూశాము. పటమటకు ఆ ముప్పు లేదని మీరు అనవచ్చు. అయినా మీ భవనంలో ఆ పెట్టె ఎక్కడ ఉందో ఒకసారి చూసి, సెల్లారులో ఉంటే మొదటి అంతస్తు మెట్ల దగ్గరికి మార్పించండి. కొత్త కనెక్షను ఇచ్చే రోజున అడిగితే చేస్తారు, తరువాత అడిగితే చేయరు.

విశ్రాంత_టెలికాం (సోమవారం, ఉదయం 8:30)

సింగ్‌నగర్ సభ్యులు చూపించినది చాలా విలువైన విషయం. దానికి కొంత జోడిస్తాను. అపార్ట్‌మెంట్లలోకి ఇంటర్నెట్టు రెండు రకాలుగా వస్తుంది. ఒకటి, ఫైబరు నేరుగా మీ గదిలోని పెట్టె దాకా రావడం. రెండవది, ఫైబరు భవనం దాకా వచ్చి, అక్కడ ఒక స్విచ్చిలో ఆగి, అక్కడి నుంచి రాగి ల్యాన్ తీగ మీ ఇంటికి రావడం. రెండవ పద్ధతిలో ఆ స్విచ్చికి కరెంటు కావాలి. మీ ఇంట్లో ఇన్వర్టరు ఉన్నా మెట్ల కింద కరెంటు పోతే మీ ఇంటర్నెట్టు పోతుంది. పైగా పిడుగు పడినప్పుడు రాగి తీగ వెంట వచ్చే విద్యుత్తు రౌటరునూ, దానికి తగిలించిన టీవీనీ కాల్చేయగలదు. గాజు ఫైబరులో విద్యుత్తు ప్రవహించదు. కనుక కనెక్షను తీసుకునే ముందు, ఫైబరు మా గదిలోకే వస్తుందా, భవనం దగ్గరే ఆగుతుందా అన్న ఒక్క ప్రశ్న అడగండి.

ఫైబరు నేరుగా వచ్చినా అది మీ ఒక్కరిదే కాదు. వాడుకలో ఉన్న జీపాన్ పద్ధతిలో ఒక ఫైబరు మీద సెకనుకు ఇళ్ల వైపు సుమారు 2.5 గిగాబిట్లు, ఇళ్ల నుంచి వెనక్కి సుమారు 1.25 గిగాబిట్లు ప్రవహిస్తాయి. దానిని సాధారణంగా 32 లేదా 64 ఇళ్లకు పంచుతారు. మధ్యలో కరెంటు అవసరం లేని గాజు పంపిణీ కనుక ఇది నమ్మకమైనది. కాని బిగించే మనిషి తొందరపడి తీగను గుమ్మం మూలలో మడతపడేలా వంచితే, నీలం పిన్నును ఆకుపచ్చ దానిలో గుచ్చితే వెలుగు తగ్గిపోతుంది. అతని చేతిలోని మీటరులో మీ గది దగ్గర వెలుగు ఎన్ని డీబీఎం చూపిస్తుందో అడగండి. మైనస్ 20 దరిదాపుల్లో ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. మైనస్ 27కు దిగజారితే ఈరోజు పనిచేసినా రేపు కనెక్షను పోయి పెట్టె మీద ఎర్ర లైటు వెలుగుతుంది, అతికింపులు మళ్లీ చేయించాలి. అతడు సంచీ సర్దుకోక ముందే ఈ పని కావాలి.

ఆన్‌లైన్_పంతులమ్మ (సోమవారం, ఉదయం 10:50)

మీ ఆవిడ గారు చేసే పనే నేనూ చేస్తున్నాను గనుక నా అనుభవం రాస్తున్నాను. ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో వేసేది దిగుమతి (డౌన్‌లోడ్) వేగం. పాఠం చెప్పేవారికి కావలసినది ఎగుమతి (అప్‌లోడ్) వేగం, అంటే మన ముఖమూ మన పలకా అవతలి పిల్లవాడికి చేరే వేగం. ఫైబరు ప్యాకుల్లో చాలావరకు రెండు వేగాలూ సమానంగా ఇస్తారు. పాత కేబుల్ తీగ మీదే ఇంటర్నెట్టు ఇచ్చేచోట ఎగుమతి బాగా తక్కువగా ఉంటుంది. వేగం విషయంలో అతిగా పోవలసిన పని కూడా లేదు. హెచ్‌డీ సినిమాకు 5 ఎంబీపీఎస్ సరిపోతుంది, 4కేకు 15 నుంచి 25 వరకు కావాలి, వీడియో పాఠానికి నాలుగైదు చాలు. ఇంట్లో నలుగురు కలిసి వాడినా 50 నుంచి 100 ఎంబీపీఎస్ ప్యాకు బ్రహ్మాండంగా నడుస్తుంది. మూడు వందల ఎంబీపీఎస్ ప్యాకు అమ్మజూపేవారికి నమస్కారం పెట్టి పంపించండి.

వేగం చాలడం లేదని ఫిర్యాదు చేసేవారిలో ఎక్కువమంది సమస్య ఫైబరులో లేదు, వైఫైలో ఉంది. రౌటరును హాలులో టీవీ వెనుక చెక్కబీరువాలో దాచిపెట్టి, చివరి పడకగదిలో సిగ్నల్ లేదంటారు. పాఠం చెప్పే గదికి ఒక ల్యాన్ తీగ లాగించుకుంటే ఆ గొడవే ఉండదు. గృహప్రవేశానికి ముందే గోడల్లోని గొట్టాల గుండా లాగిస్తే పని తేలిక.

మరొక చిన్న వస్తువు తప్పక కొనండి. రౌటరుకు 12 వోల్టుల చిన్న యూపీఎస్ దొరుకుతుంది, అరచేతి కన్నా కాస్త పెద్దగా ఉంటుంది. మీ ఇంట్లో ఇన్వర్టరు ఉన్నా, కరెంటు మారే ఆ ఒక్క క్షణంలో రౌటరు ఆగి మళ్లీ మొదలవుతుంది, ఆ రెండు మూడు నిమిషాలు పాఠం మధ్యలో తెగుతుంది. ఇది ఉంటే తెగదు.

కానూరు_కొత్తకాలనీ (సోమవారం, మధ్యాహ్నం 1:15)

మా వీధికి ఇంకా ఎవరి ఫైబరూ రాలేదు. అందువల్ల 5జీ సిగ్నలును మేడ మీది పెట్టెతో పట్టుకుని ఇంట్లోకి దింపే ఎయిర్‌ఫైబరు తీసుకున్నాము. జియో తన ఎయిర్‌ఫైబరును 2023 సెప్టెంబరులో మొదలుపెట్టింది. పగలు బాగుంటుంది, రాత్రి ఎనిమిది దాటాక టవరు మీద రద్దీ పెరిగి వేగం ఊగుతుంది. దారి లేనివారికి మంచిదే. మీకు ఫైబరు అందుబాటులో ఉంటే దీని జోలికి పోవద్దు. పేరులో ఫైబరు ఉన్నా ఇంట్లోకి వచ్చేది గాలి తరంగమే.

పటమటవాసి (సోమవారం, సాయంత్రం 5:30)

ఈరోజు కొత్త అపార్ట్‌మెంట్‌కు వెళ్లి పెట్టెలు చూశాను, పొరుగువారితో మాట్లాడాను. ఫైబరు ఇస్తున్న సంస్థలు మూడు ఉన్నాయి. ఒకదాని ఫైబరు గదిలోకే వస్తుంది, మరొకటి స్విచ్చి పద్ధతి, మూడవది రాష్ట్ర ప్రభుత్వ ఫైబర్‌నెట్ కనెక్షను, అది మా వీధి కేబుల్ ఆపరేటరు ద్వారానే వస్తుంది. మూడవదానిలో టీవీ, ఇంటర్నెట్టు, ఫోను మూడూ ఒకే తీగ మీద వస్తాయని, ఖర్చు తక్కువని రెండో అంతస్తువారు చెప్పారు. మొత్తం దానికే అప్పగించేస్తే ఎలా ఉంటుంది?

విశ్రాంత_టెలికాం (సోమవారం, సాయంత్రం 6:45)

ఫైబర్‌నెట్ ఆలోచన మంచిది. 2015లో సంస్థను ఏర్పాటు చేసి, తవ్వకాలు లేకుండా కరెంటు స్తంభాల మీదుగానే ఫైబరు లాగి, 2017 డిసెంబరులో నెలకు 149 రూపాయల ప్రారంభ ధరతో మూడు సేవలూ కలిపి ఇవ్వడం మొదలుపెట్టారు. పల్లెల్లో దాని మేలు నేను కళ్లారా చూశాను. స్తంభాల మీది తీగ కనుక లారీ తగిలినా, చెట్టు పడినా, స్తంభం మార్చినా తెగుతుంది. స్తంభాల మీదుగా వచ్చే అన్ని కంపెనీలకూ ఇది వర్తిస్తుంది. మీ ఇంటికి నా అభ్యంతరం ఒక్కటే. మూడూ ఒకే తీగ మీద ఉంటే, తీగ తెగిన తెల్లవారుజామున ఆవిడ గారి పాఠమూ నాన్నగారి సుప్రభాతమూ కలిసి ఆగిపోతాయి. ఖర్చు వందో రెండు వందలో పెరిగినా, టీవీ ఒక దారిన, ఇంటర్నెట్టు మరొక దారిన రావడమే మీ ఇంటి అవసరాలకు తగినది. పాఠాల మీద ఆదాయం ఆధారపడి ఉంది గనుక ఆ ఖర్చు దండగ కాదు.

కేబుల్‌కుటుంబం (సోమవారం, రాత్రి 7:30)

వృత్తిరీత్యా నేను కాదనవలసిన మాట, అయినా కాదనలేను. గదిలోకే ఫైబరు ఇచ్చే సంస్థ దగ్గర ఇంటర్నెట్టు, మా వంటివారి దగ్గర టీవీ తీసుకోండి. ఏడాది ప్యాకు తీసుకుంటే రెండు నెలలు ఉచితం అంటారు. మొదటి మూడు నెలలు మాత్రం నెలవారీగానే కట్టండి. వర్షాకాలం ఒకటి గడిచాక వారి పని తీరు తెలుస్తుంది, అప్పుడు ఏడాదికి కట్టుకోవచ్చు. రౌటరుకు డిపాజిట్టు తీసుకుంటే రశీదు, పెట్టె మీది సీరియల్ నంబరు ఫొటో దాచుకోండి. ఇల్లు మారేటప్పుడు ఆ డబ్బు తిరిగి రావాలంటే ఈ రెండూ కావాలి.

బ్రాడీపేట_నాలుగోలైను (సోమవారం, రాత్రి 8:10)

నా ఓటు ఇప్పటికీ డిష్‌కే, కాని లోకల్ ఛానల్ తప్పనిసరి అన్నప్పుడు వాదించడానికి ఏమీ లేదు. ఒకవేళ అత్యవసరానికి మరొక దారి ఉండాలనుకుంటే దూరదర్శన్ వారి ఫ్రీ డిష్ గురించి ఆలోచించండి. డిష్, బాక్సు ఒకసారి కొనుక్కుంటే నెలవారీ రుసుము లేదు. సప్తగిరి ఛానల్ వస్తుంది. మీరు రోజూ చూసే ప్రైవేటు ఛానళ్లన్నీ అందులో ఉంటాయని మాత్రం అనుకోవద్దు, కొనే ముందు దుకాణంలో జాబితా చూసుకోండి.

భవానీపురం_కార్యదర్శి (సోమవారం, రాత్రి 9:00)

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కార్యదర్శిగా నా విన్నపం. ఏది తీసుకున్నా తీగ ఎటు నుంచి వస్తుందో ముందు మీ అసోసియేషనువారితో మాట్లాడండి. మేడ ఉమ్మడి ఆస్తి కనుక డిష్ అయినా కేబుల్ అయినా అనుమతి అడగడం మర్యాద, నీళ్ల ట్యాంకుల దగ్గర, సౌర పలకల మీద నీడ పడేచోట పెట్టనివ్వరు. మా భవనంలో ప్రతివారూ ఎవరికి తోచినట్టు వారు ముందు గోడ మీదుగా తీగలు వేలాడదీశారు. రంగులు వేయించే రోజున ఏ తీగ ఎవరిదో తెలియక పనివారు రెండు తెంపేశారు, ఆ ఇంటివారు నెలపాటు నాతో మాట్లాడలేదు. కొత్త భవనాల్లో తీగల కోసం లిఫ్టు పక్కన నిలువు గొట్టం విడిగా ఉంటుంది. కరెంటు తీగలు వెళ్లే గొట్టంలోకి వీటిని తోయనివ్వకండి.

పటమటవాసి (సోమవారం, రాత్రి 9:40)

అందరికీ ధన్యవాదాలు. ఇంటర్నెట్టుకు గదిలోకే వచ్చే ఫైబరులో వంద ఎంబీపీఎస్ ప్యాకు నెలవారీగా, టీవీకి వీధి ఆపరేటరు దగ్గర హెచ్‌డీ బాక్సు తీసుకోవాలని నిశ్చయించాము. రెండూ కలిపి పన్నులతో మా అంచనాకు కాస్త పైకి తేలింది, అంతే. రౌటరుకు చిన్న యూపీఎస్ కొంటున్నాము. లిఫ్టు పక్కన గొట్టం ఉంది, కాని మూడో అంతస్తు దగ్గర సిమెంటుతో మూసేశారు. దానిని తెరిపించాలంటే బిల్డరును అడగాలా, అసోసియేషనును అడగాలా?

భవానీపురం_కార్యదర్శి (సోమవారం, రాత్రి 10:05)

భవనం ఇంకా బిల్డరు చేతిలోనే ఉంటే బిల్డరును, అసోసియేషనుకు అప్పగించి ఉంటే అసోసియేషనును రాతపూర్వకంగా అడగండి. పలకలు అతికించే మేస్త్రీ చేత చిన్న ఉలితో తీయించండి, డ్రిల్లు మిషను పెట్టనివ్వవద్దు, పై అంతస్తుల వారి తీగలు అప్పటికే అందులో ఉండవచ్చు. తీగ మీ గుమ్మంలోకి వచ్చేచోట రంధ్రం బయటి వైపుకు కాస్త వాలుగా వేయించండి, లేకపోతే జల్లు కొట్టినప్పుడు తీగ వెంట నీరు గదిలోకి దిగుతుంది.